వేడి కాదని చెప్పిన గొంతు

మా ఆడపడుచు చుట్టాలందరికీ చెబుతున్న కథ ఒకటుంది. చనిపోయిన మా అత్తగారు నా కలలోకి వచ్చి, తన కొడుకును కాపాడుకోమన్నారట. నాకు కలా రాలేదు, అత్తగారూ రాలేదు. బతికున్నన్నాళ్లూ నాతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, పోయాక పనిగట్టుకుని వస్తుందా? దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొన్న ఎండాకాలంలో, నా థైరాయిడ్ రిపోర్టు కోసం అశోక్‌నగర్‌లో ఒక ల్యాబ్‌కు వెళ్లాను. కౌంటర్లో కూర్చునే ఆవిడది నా వయసే, ఏళ్లుగా పరిచయం. రిపోర్టుతో పాటు మూత్రపరీక్షకిచ్చే చిన్న డబ్బా ఒకటి నా చేతిలో పెట్టింది. దాని మీద మా ఆయన పేరు, వయసు.

"సార్‌ది రేపు పొద్దున తెస్తరు కదక్కా?"

"ఎవరు చెప్పారు మీకు?"

"మీరే! పొద్దున ఎనిమిదిన్నరకు ఫోన్ చేసిన్రు. ఎర్రగ పోతున్నది, ఆయన వేడి అనుకుంటున్నడు, వేడి కాదు అన్నరు."

నేను చేయలేదన్నాను. చేశారంది. గొంతు పెంచాను.

"ఇగో, గీ కొట్లాట గొంతే అక్కా!" అని నవ్వి, రిజిస్టరు తిప్పి చూపించింది. పేరు, వయసు, టైము, అన్నీ ఆవిడ చేతిరాతలోనే ఉన్నాయి.

ఎనిమిదిన్నరకు నేను చిక్కడపల్లి మార్కెట్లో బీరకాయ చేదేమోనని కొరికి చూస్తున్నాను. ఫోన్ నా సంచిలోనే ఉంది. అందులో ల్యాబ్‌కు చేసిన కాల్ లేదు. వాళ్లది పాత ల్యాండ్‌లైన్, ఏ నంబరు నుంచి వచ్చిందో కనపడదు.

ఇంటికొచ్చి డబ్బా మా ఆయన ముందు పెట్టాను, ఇద్దరం నవ్వుకుందామనే. ఆయన నవ్వలేదు.

"నీకెవరు చెప్పారు?" అన్నారు.

మూడు వారాలుగా ఎర్రగా పోతోందట. నొప్పి లేదు కాబట్టి వేడి చేసిందనుకున్నారట. మా ఇళ్లలో అన్నిటికీ వేడే. కళ్లు మండినా వేడే, నోరు పూసినా వేడే. ఎండలని చెప్పి రోజూ నాచేత బార్లీ నీళ్లు కాయించుకున్నది ఇందుకా! నేనేమో పటికబెల్లం కూడా వేసి ఇచ్చాను.

"చెబితే ఏడుస్తావని..."

"ఏడవను, చంపుతాను" అన్నాను. అని ఏడ్చాను.

నారాయణగూడలో డాక్టరు కెమెరా గొట్టంతో చూశారు. మూత్రాశయంలో చిన్న కణితి. కాన్సరే, కానీ లోతుకు దిగలేదు. పొట్ట కోయకుండా లోపలినుంచే తీసేశారు. మళ్లీ వస్తుందేమోనని మూడు నెలలకోసారి చూపిస్తున్నాం. పరీక్షకు ముందురోజంతా ఆయన నాతో మరీ మర్యాదగా ఉంటారు. భయమని నాకు తెలుసు. కావాలనే ఏదో ఒకటి తిడతాను, అప్పటికి గానీ అన్నం సరిగ్గా తినరు.

ఆ ఫోన్ ఆయనే ఎవరిచేతనైనా చేయించారేమోనని నిలదీశాను కూడా.

"ఇంకొకరికి చెప్పే ధైర్యమే ఉంటే నీకే చెప్పేవాణ్ణి కదే" అన్నారు.

ల్యాబ్ ఆవిడ మాత్రం అది నేనేనని ఇప్పటికీ వాదిస్తోంది. నా గొంతుతో మాట్లాడినావిడ ఎవరో నాకు తెలియదు. ఎదురుపడితే ముందు చేతులు పట్టుకుంటాను. ఆ తర్వాత అడుగుతాను: అంతా తెలిసినదానివి, ఆ ఫోనేదో మూడు వారాల ముందే నాకు చేయడానికి నీకేం అడ్డొచ్చింది?