సగం అల్లిన బుట్ట కుట్టు శాలువ

మా పక్కింటి అక్క పోయింది. కృష్ణగిరి నుంచి వాళ్ల తమ్ముడు ఫోను చేశాడు. మా వరసలో ఫోను ఉన్నది మా ఇంట్లోనే కాబట్టి ఎవరికి ఏ కబురు వచ్చినా ముందు నా చెవినే పడుతుంది. "అక్క లేదమ్మా. తెల్లారేలోపలే పోయింది. బావకి నువ్వే చెప్పాల" అన్నాడు. గుండెలో నొప్పిగా ఉందని పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి బస్సెక్కి వెళ్లిన మనిషి. "రేపు సాయంత్రానికి ఈడుంటాను, అంతవరకు ఆయన్ని చూసుకోమ్మా" అని ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లింది. రిసీవరు పెట్టేశాను. గోడకు అవతల, పక్షవాతంతో మంచం పట్టిన ఆమె భర్త నేను తెచ్చే కాఫీ కోసం చూస్తున్నాడు. ఆయన్ని నేను అన్న అంటాను.

అక్క గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. చాలా ఓపికగల మనిషి అని రాస్తే పైనుంచి ఆమే నవ్వుతుంది. ఆమెకు ఓపిక లేదు. నాకూ లేదు. అందుకే మాకు కుదిరింది.

నేను ఊత్తంగరై ఎండల్లో పెరిగినదాన్ని. తొంభైల మొదట్లో పెళ్లై హోసూరు పక్కనున్న మత్తిగిరికి వచ్చిన ఏడాది కార్తీకం నుంచే పళ్లు టకటకలాడాయి. మా ఆయన ఫస్టు షిఫ్టుకు పొగమంచులో మోపెడ్ మీద వెళ్లేవాడు. ఒకరోజు అక్క పిట్టగోడ మీద నుంచి తొంగిచూసి, "ఏమ్మా, మీ ఆయనకి స్వెట్టరు లేదా?" అంది. ఉంది, హోసూరు బజార్లో కొన్నాం అని గొప్పగా తెచ్చి చూపించాను. దాన్ని ఎండకు ఎత్తిపట్టి, "దీంట్లో నుంచి ఆకాశం కనిపిస్తా ఉందే" అంది. నాకు ఒళ్లు మండింది. మరుసటి ఆదివారమే వెళ్లి ఊలు తెచ్చి, ఆమె గడపలో కూర్చున్నాను.

ఆమె దగ్గర క్రోషా అల్లికల బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. అట్ట ఊడిపోయి, చమురు మరకలతో ఉండేది. అందులోని ఇంగ్లీషు పేర్లు ఆమెకు నచ్చక తనే పేర్లు పెట్టుకుంది. ముద్దలు ముద్దలుగా పైకి లేచేది బొరుగుల కుట్టు. దున్నిన నేలలా గీతలు పడేది చాళ్ల కుట్టు. నేను చూడగానే మనసు పడింది విసనకర్ర కుట్టు మీద. అదే కావాలన్నాను.

"బండి మీద పొయ్యే మనిషికి చిల్లుల కుట్టా? గాలంతా లోపలికి పోయి కాపురం పెడుతుంది. ముందు ఇది చెప్పు, దీన్ని తొడుక్కోని ఆయన ఏం చేస్తాడు?"

ఎవరొచ్చి అడిగినా ఆమె మొదటి ప్రశ్న అదే. రంగు తర్వాత, కొలత తర్వాత. తళి వైపు పూలతోటల్లో తెల్లారి కోతకు వెళ్లే పిల్లకు కుల్లాయి అడిగితే, బొరుగుల కుట్టు మంచు నీళ్లు పట్టుకుంటుందని, దగ్గర దగ్గరగా వేసిన సాదా కుట్టు పెట్టింది. పసిబిడ్డకైతే వేలు ఇరుక్కునే సందు ఎక్కడా ఉండకూడదు. మా ఆయనకు ముందు భాగం చాళ్ల కుట్టు, మోచేతుల దగ్గర సాదా. "కంటికి బాగుండేది వేరే, ఒంటికి బాగుండేది వేరేమ్మా" అనేది. తర్వాత నా మొహం చూసి, "సరే, మెడ కాడ నీ విసనకర్ర ఒక వరస వేస్తాలే, ఏడవబాక" అనేది.

నాకు నేర్పాలని చూసింది. నా చేతిలో ఊలు బిగిసిపోయేది. "నీ కోపమంతా దీని మీద చూపిస్తా ఉండావు. వదులుగా పట్టు. మధ్యలో గాలి నిలిచేదానికి చోటుండాల, ఆ గాలే వెచ్చంగా ఉండేది" అని నా చేతిలోంచి లాక్కుని విప్పేసేది. నేను అలిగి లేచి వచ్చేదాన్ని. సాయంత్రానికి గోడ మీద చట్నీ గిన్నె పెట్టి పిలిచేది. ఇన్నేళ్లలో నాకు వచ్చింది సాదా కుట్టు ఒక్కటే.

రెండువేల సంవత్సరం దాటాక ఒక మార్గశిరంలో అన్నకు పక్షవాతం వచ్చింది. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా బండెడు ఇనుము ఎత్తిన మనిషి. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. చలి తగలకుండా చూసుకోమన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని అక్క అన్నిటికంటే మందమైన ఊలు తెచ్చి, బొరుగుల కుట్టుతో పెద్ద శాలువ అల్లింది. వీధిలో ఆడవాళ్లందరం వెళ్లి తడిమి తడిమి మెచ్చుకున్నాం. అన్న కింద సగం పరిచి, పైన సగం కప్పింది.

కొన్నాళ్లకు స్నానం చేయిస్తూ నన్ను కేక వేసింది. పరుగెత్తాను. అన్న కుడి భుజం నుంచి నడుము దాకా ఎర్రటి గుంటలు, వరసలు వరసలుగా. ఆమె అల్లిన బొరుగులన్నీ ఒంట్లోకి దిగబడి ఉన్నాయి. ఆ వైపు స్పర్శ లేదు, ఉన్నా చెప్పడానికి నోరు లేదు, పక్కకు తిరగడం రాదు.

"అందరినీ అడిగినానే, ఏం చేస్తావు దీంట్లో అని. ఈ మనిషిని అడగలేదే" అని చెంబు పక్కన కూలబడి ఏడ్చింది. ఆ మధ్యాహ్నమే శాలువ మొత్తం విప్పేసింది. నేను ఊలు ఉండ చుడుతూ కూర్చున్నాను.

తర్వాత ప్రతి చలికాలం అదే పోరాటం. సాదా కుట్టు గుచ్చుకోదు గానీ పలచన. రెండు పొరలు వేస్తే బరువు, ఆయన ఊపిరికి ఇబ్బంది. కుడి చేతికి చాళ్ల కుట్టుతో తొడుగు అల్లింది, బిగుతుగా లేకుండా సాగేలా. ఎన్ని వేసినా ఆ చెయ్యి మాత్రం చల్లగానే ఉండేది. నా నోరు ఊరుకోదు కదా, ఒకసారి అనేశాను, "అక్కా, ఆ చలి బయటినుంచి వచ్చేది కాదు, లోపల రక్తం సరిగ్గా ఆడక వచ్చేది. ఊలుకు పోదు" అని.

"తెలుసమ్మా. మరి నేనేం చేసేది?" అంది, అల్లిక ఆపకుండా.

ఈ ఏడాది ఆమెకు బుట్ట కుట్టు చేతికి చిక్కింది. గంప అల్లినట్టు గళ్లు గళ్లుగా వస్తుంది. మందంగా ఉంటుంది, గాలి నిలుస్తుంది, కానీ గళ్లు వెడల్పు కాబట్టి ఒంటి కింద మెత్తగా అణుగుతాయి. ముందు తన వీపు కింద పరుచుకుని రెండు మధ్యాహ్నాలు కదలకుండా పడుకుని చూసుకుంది. ఆ తర్వాతే అన్నకు మొదలుపెట్టింది. కృష్ణగిరికి వెళ్లేనాటికి సగం అయింది.

అన్నకు నేనే చెప్పాను. ఆయన మొహంలో కదిలే సగం ఏడ్చింది, కదలని సగం అలాగే ఉంది. అక్కను పుట్టింటి ఊరికి తీసుకెళ్తూ వ్యాను గేటు ముందు ఆపారు. మా ఆయనా, అన్న తమ్ముడూ కలిసి ఆయన్ని కుర్చీలో మోసుకెళ్లి చూపించారు.

అన్న తమ్ముడిది తళి దగ్గర పల్లె. మంచివాడే. "ఈడ ఎవురు చూస్తారమ్మా? ఆడైతే మేమంతా ఉండాము. వచ్చే ఆదివారం పిలుచుకోని పోతాను" అన్నాడు. కాదనడానికి నేనెవరిని? కానీ తళి చలి మీకు తెలుసు కదా, మత్తిగిరి చలి దాని ముందు లెక్కలోకే రాదు. ఆ శాలువ అన్నకు నడుము దాకానే వస్తుంది.

పూర్తి చేద్దామని కూర్చున్నాను. బుట్ట కుట్టుకు సూది పై కన్నంలో దూర్చకూడదు, కింది వరసలో నిలువుగా ఉండే కాడ చుట్టూ తిప్పి తేవాలి. కొన్ని ముందు నుంచి, కొన్ని వెనక నుంచి. ఎప్పుడు ముందు, ఎప్పుడు వెనక అన్నదే నాకు అంతుపట్టదు. నేను అల్లిన వరస తాడులా గట్టిపడింది. విప్పాను. మళ్లీ వేశాను, మళ్లీ విప్పాను. వీధిలో అందరినీ అడిగాను. టీవీ మీద కప్పే గుడ్డలు అల్లేవాళ్లు ఉన్నారు, ఇది వచ్చినవాళ్లు లేరు.

నిన్న మధ్యాహ్నం అన్న మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన ఎడమ చెయ్యి చాపాడు. నీళ్లు కావాలేమో అనుకున్నాను. కాదు. నా ఒళ్లోని ఊలు ఉండ కోసం. ఇచ్చాను. దాన్ని పొట్ట మీద పెట్టుకుని, బొటనవేలితో కొంచెం కొంచెంగా పోగు వదలడం మొదలుపెట్టాడు. ఎంతో అలవాటైన పనిలా చేస్తున్నాడు. రోజూ మధ్యాహ్నం తలుపు వేసుకుని వీళ్లిద్దరూ ఏం చేసేవాళ్లో నాకు అప్పుడు తెలిసింది.

ఆయన నా వైపు చూడటం లేదు, కళ్లు మూసుకున్నాడు. నేను సూది పట్టుకుని, ముందా వెనకా తేలక ఆగిపోయాను. పోగు నేను లాగడం లేదు. ఆయన అక్క చేతి వేగానికి వదులుతూనే ఉన్నాడు. ఊలు నా మోకాళ్ల మీద నుంచి జారి నేల మీద కుప్పగా పడుతోంది.