నల్లదారం తెంపిన అక్క

నా చిన్నప్పుడు చొప్పదండిలో మా వాడ ఆడవాళ్లందరూ బీడీలు చుట్టేవారు. మా అమ్మను నేను అవ్వా అనే పిలిచేదాన్ని లాంటి మాటెందుకు, మా వైపు అమ్మంటే అవ్వే; మా అవ్వ చేతివేగాన్ని అందుకునేవారు లేరు. ఆ చేతికే జబ్బు చేసింది. బొటనవేలు, దాని పక్కనున్న రెండు వేళ్లు తిమ్మిరెక్కేవి. ఆకు కత్తిరిస్తుంటే కత్తెర జారిపడేది. నిద్రలో లేచి చెయ్యి విదిలించుకుంటూ కూర్చునేది. ఎవరో బాణామతి చేశారని వాడంతా తేల్చేసింది. మంత్రగాడు వచ్చి మణికట్టుకు నల్లదారం బిగించి కట్టాడు. నొప్పి ఇంకా పెరిగింది.

మా పక్కింటి అక్క నస్పూర్ బొగ్గుబావుల దగ్గర పెరిగి, కోడలిగా మా వాడకు వచ్చింది. ఒకరోజు అవ్వ చెయ్యి పట్టుకుని చిటికెనవేలు గిల్లింది. ఆ వేలికి తిమ్మిరి లేదు.

"గిది గాలీ గాదు, ధూళీ గాదు వదినె. పొద్దంత మణికట్టు వంచి చుట్టవడ్తివి, ఆడ నరం నలిగింది. మా అవ్వకు గిట్లనే అయితె దవాఖానల డాక్టరు చెయ్యి వంగకుంట కట్టిండు" అంది.

దారం తెంపేసింది. పాతచీర పేలిక మెత్తగా చుట్టి, వెదురుబద్ద పెట్టి వదులుగా కట్టింది. పడుకునేటప్పుడు విప్పొద్దని, కొన్నాళ్లు బీడీల జోలికి పోవద్దని చెప్పి, అవ్వ వంతు ఆకు కూడా తనే చుట్టింది. వానలు పడేసరికి అవ్వ వేళ్లకు స్పర్శ తిరిగి వచ్చింది. ఆ అక్కంటే నాకు ప్రాణమైపోయింది.

"బాణామతి గింత జల్ది తీసిందంటె, పెట్టింది గూడ గామెనే!" అన్నారు వాడ ఆడవాళ్లు. మంత్రగాడు ఔనన్నాడు. అనకేం చేస్తాడు, తన దారం తెంపిందన్న కోపం ఉండనే ఉంది. అక్కను అందరి ముందూ నిలబెట్టారు. ఆమె ఇంకెవరి వంకా చూడలేదు, అవ్వనే చూసింది.

"నువ్వు జెప్పు వదినె. జర నీ చెయ్యి సూపియ్యి."

అవ్వ చెయ్యి కొంగులో దాచుకుని తల దించుకుంది. చెప్పవే అని నేను కొంగు పట్టి గుంజాను. వీపు మీద దెబ్బ పడింది, బాగుపడిన ఆ చేతితోనే.

అక్కా వాళ్లు ఊరు విడిచి వెళ్లిపోయారు. "నేను నోరు తెరిస్తె నన్ను గూడ గట్లనే అందురు బిడ్డా" అంది అవ్వ తర్వాత. నిజమే కావచ్చు, నాకు మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు. కడదాకా అవ్వను నేనే చూసుకున్నాను, ఏ లోటూ రానివ్వలేదు. కానీ "మీ అవ్వ మంచి మనిషి" అని ఎవరైనా అంటే, ఔననడానికి ఈ వయసులోనూ నాకు నోరు రాదు.