సెట్టయిందన్న మాట

2023 వేసవి. అనకాపల్లిలో వినికిడి యంత్రాలు అమర్చే చిన్న సెంటర్‌లో నేను టెక్నీషియన్‌గా చేరి రెండో ఏడు. అమర్చడం అయ్యాక అందరినీ ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: "సెట్ అయిందా?" ఔనంటే ఫారంలో టిక్కు పెట్టి ఫైలు మూసేసేవాణ్ణి.

ఆ ఇంగ్లీషు మాట మావాళ్ల నోట ఎన్ని పనులు చేస్తుందో సరదాగా డైరీలో రాసుకునేవాణ్ణి. సంబంధం కుదిరితే సెట్. సిమెంటు గట్టిపడితే సెట్. మందు పడకపోతే సెట్ కాలేదు. డజను గాజులు ఒక సెట్. కొత్త కోడలు అత్తింట్లో కలిసిపోయినా సెట్టే. పదకొండు దాకా వచ్చి, ఇక అయిపోయాయనుకున్నాను.

రాజయ్యపేట నుంచి నూకమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. పడవలు ఒడ్డుకు రాగానే జరిగే వేలంపాటలో చేపలు కొని ఊళ్లలో అమ్ముతుంది. చెవులు మందగించి, పెదాలు చూసి నెట్టుకొస్తోంది.

"నాకు పాట ఇనబడితే సాలు బాబూ. ఇంకేటీ వద్దు," అంది.

తలుపులు మూసిన ఏసీ గదిలో గెయిన్, అంటే ఏ శబ్దాన్ని ఎంత పెంచాలన్నది, లాప్‌టాప్‌లో సరిచేశాను. వెనక నుంచి మెల్లగా పిలిస్తే పలికింది.

"సెట్ అయిందా అమ్మా?"

"సెట్టయింది బాబూ."

టిక్కు. నెల తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడూ అదే ప్రశ్న, అదే జవాబు.

ఐదు నెలలకి వినికిడి పరీక్షల క్యాంపు కోసం రాజయ్యపేట వెళ్లాను. ఒడ్డున వేలం జరుగుతోంది. నూకమ్మ దూరంగా కూర్చుని ఎండుచేపలు తిరగేస్తోంది. చెవిలో యంత్రం లేదు.

"మెషీన్ ఏదమ్మా?" అని అరిచి అడిగాను.

"పెట్టిలో ఉంది. ఈ గాలికి ఒకటే హోరు బాబూ. పాట నా మీదే ఆగిందని తెలక మళ్లీ నానే పెంచేసేను. 'నీతో నీకే పోటీయేటి నూకప్పా' అని ఒకటే నవ్వులు. ఆయేల్టి నుంచి ఎల్లలేదు."

"చెకప్‌కి వచ్చినప్పుడు చెప్పలేదేం?"

"ఏటి సెప్తాను? అంత కట్టపడి సేసి ఆశగా సూత్తన్నావు. కాలేదంటే సిన్నబోవా?"

గాలి హోరు తగ్గించే ప్రోగ్రాం ఆ యంత్రంలోనే ఉంది. ఆవిడ వినాల్సింది సముద్రం ఒడ్డున అని తెలిసి కూడా నేను ఆన్ చేయలేదు. ఇంటి నుంచి యంత్రం తెప్పించి, ఇసకలోనే లాప్‌టాప్ తెరిచి ఆన్ చేశాను. ఐదు నిమిషాల పని. వేలం పాడేవాడి కేకలు ఒక్కొక్కటే నాకు తిరిగి చెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు.

"ఇంకేం, రేపటి నుంచి పాటకి వెళ్లు."

"మా కోడలు ఎల్తంది కదా బాబూ. నా సోటు దానికిచ్చేసేను. ఇచ్చింది ఎనక్కి అడుగుతానేటి?"

ఇప్పుడు మా ఫారంలో 'సెట్ అయిందా?' అన్న ప్రశ్న లేదు. 'ఎక్కడ వినాలి?' అని ఉంటుంది. బెల్లం మార్కెట్లో పనిచేసే మనిషైతే మార్కెట్‌కే వెళ్లి అమర్చి వస్తాను.

నూకమ్మ యంత్రం బాగా పనిచేస్తోంది. మధ్యాహ్నాలు దాంతో టీవీ వింటోందట.