విజిలక్క విజిల్ వేసిన రోజు

ఆ కండక్టరమ్మకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, జీతమిచ్చేవాళ్లకు తప్ప అది ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ విజిలక్క. విజిల్ వేయడంలో ఆవిడ గొప్పేమీ లేదు. వేయకపోవడంలోనే ఉంది గొప్పంతా.

కండక్టరు విజిల్ వేస్తే గానీ డ్రైవరు గేరు వేయడు. ఏ బస్సులోనైనా ఉన్న సంగతే ఇది. విజిలక్క మాత్రం ఈ చిన్న అధికారంతో ఆ బస్సుని సొంత రాజ్యం చేసుకుంది. ఎవరైనా చంటిబిడ్డను ప్రమాదంగా పట్టుకోవడం కంటపడిందా, ఇక విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేది. తిట్టదు, వేలెత్తి చూపదు. "ఏమైందమ్మా?" అని ఎవరైనా అడిగితే ఆ బిడ్డ వైపు ఓసారి చూసి మళ్లీ కిటికీ వైపు తిరిగేది. మిగతా పని బస్సే చూసుకునేది.

చూసుకోక చస్తుందా? ఆఫీసుకు ఆలస్యమవుతున్న గుమాస్తా, కూరగాయల బుట్టతో పెద్దావిడ, పరీక్షకు వెళ్లే కాలేజీ అమ్మాయి, అందరూ చిటికెలో ఒక్కటైపోయేవారు. ఒకసారి ఒకాయన పసిపాపను డ్రైవరు పక్కనుండే ఇంజను మూత మీద కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడి పేపరు చదువుకుంటున్నాడు. విజిల్ పడలేదు.

"పేపరు ఎక్కడికీ పారిపోదు నాయనా, ముందు పిల్లనెత్తుకో," అంది బుట్ట పెద్దావిడ.

"మా పాప, మా ఇష్టం," అన్నాడాయన.

"పాప మీదేనండి. ఆలస్యం మాది," అన్నాడు గుమాస్తా.

ఆయన మొహం కందగడ్డలా అయింది. పాప చంకలోకి చేరింది, బస్సు కదిలింది. ఇంకోసారి ఓ తల్లి కొడుక్కి చల్లగాలి తగలాలని వాడి తలను కిటికీ బయటికి పెట్టింది. పక్కనుంచి ఏ లారీ అయినా రాసుకుపోతే? విజిలక్క విజిల్ నోట్లో పెట్టుకుని అటు తిరిగిపోయింది. వాడి తల లోపలికొచ్చేదాకా బస్సు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

"ఇలాంటివాళ్లని జైల్లో పెట్టాలండి," అన్నాడు గుమాస్తా.

"పెడితే పిల్లాడికి పాలెవరు పడతారు, మీరా?" అంది విజిలక్క. గుమాస్తా చొక్కా సర్దుకున్నాడు.

ఆవిడ లెక్క ఆవిడది. చట్టం తీరిగ్గా వచ్చేలోపు బిడ్డ కింద పడనే పడుతుంది. ఒక్కరు మందలిస్తే నీకెందుకంటారు. బస్సెడు జనం ఒక్కసారిగా చూస్తే మాత్రం, ఎంత మొండివాడికైనా చెయ్యి దానంతటదే బిడ్డ చుట్టూ బిగుసుకుంటుంది. ఆలస్యాల గురించి డిపో మేనేజరు పిలిచి నిలదీస్తే, "నేనెవర్నీ పల్లెత్తు మాట అనలేదండి," అంది అమాయకంగా. అది నిజమే కనుక పాపం ఆయన ఆవిణ్ణి మళ్లీ డ్యూటీకి పంపేశాడు.

అంత తెలివైన మనిషీ ఒక్కచోట తన పద్ధతి మరిచిపోయి నోరు జారింది. అదీ సొంత అల్లుడి దగ్గర. నెలల పిల్లాణ్ణి బైకు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, ఒంటిచేత్తో బండి నడుపుతూ దిగాడతను. "బుర్ర పనిచేస్తోందా బాబూ మీకు?" అని అతని స్నేహితుల ముందే అనేసింది. అంతే, అల్లుడు అలిగాడు. ఆ అలక ఎంత గట్టిదంటే, మనవడికి పళ్లొచ్చాయన్న కబురు కూడా ఆవిడకు ఫోన్లోనే తెలిసింది. తానేమీ ఏడవలేదని విజిలక్క అంటుంది. నమ్మడం మన మర్యాద.

చివరికి కూతురు ఎలాగో మొగుణ్ణి ఒప్పించింది. "ఆదివారం వస్తామమ్మా. ఆయన్ని నలుగురిలో మాత్రం ఏమీ అనకు. మళ్లీ అలిగితే ఇక నా వల్ల కాదు," అంది. విజిలక్క ఒట్టేసింది.

ఆదివారం రాకముందే వాళ్లు ఆవిడ బస్సే ఎక్కారు. పిల్లాడికి టీకా వేయించడానికి బయల్దేరారట. ఎప్పుడో రాబోయే జబ్బు నుంచి కొడుకుని కాపాడబోతున్న ఆ తండ్రి, లోపల సీటు ఖాళీగా ఉన్నా రాకుండా, తలుపు లేని మెట్టు మీదే నిలబడ్డాడు. ఒక చేత్తో పిల్లాణ్ణి బయటికి చాపాడు, రెండో చేత్తో ఫోను పట్టాడు. గాలికి వాడి జుట్టు ఎగురుతుంటే వీడియో తీయాలట. కడ్డీ పట్టుకోవడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు కనుక వీపు ఆనించి సరిపెట్టుకున్నాడు.

విజిలక్క విజిల్ నోట్లో పెట్టుకుని, అలవాటుగా కిటికీ వైపు తిరగబోయింది. కూతురు కళ్లు తన మీదే ఉన్నాయి. ఆదివారం గుర్తొచ్చింది. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని ఎన్నాళ్లుగా చూస్తోంది. తర్వాతి స్టాపు ఎంత దూరమనీ, అనుకుని విజిల్ ఊదేసింది.

బస్సు కదల్లేదు. మళ్లీ ఊదింది. డ్రైవరు అద్దంలో మెట్టు వైపు చూసి, ఇంజను ఆపేసి, చేతులు కట్టుకున్నాడు.

"ఇదేంటమ్మా, మాకో రూలు, ఇతనికో రూలా?" అన్నాడు గుమాస్తా.

"మా అల్లుడండి," అంది విజిలక్క, గొంతు తగ్గించి.

"అల్లుడి చేతిలోంచైతే పిల్లాడు జారడా?" అంది బుట్ట పెద్దావిడ.

బస్సంతా చూసింది. ఇన్నాళ్లూ ఆవిడే పోగుచేసి ఇతరుల మీదికి వదిలిన చూపు, మొదటిసారి ఆవిడ మీద పడింది. విజిలక్క సిగ్గుతో చితికిపోయి, కూతురి దగ్గరికి వంగింది.

"నువ్వే కదే, ఏమీ అనొద్దన్నావు," అని గొణిగింది.

"అనొద్దన్నాను. విజిల్ ఊదమన్నానా?" అంది కూతురు. "రోజూ చెబుతూనే ఉన్నానమ్మా, నా ఒక్కదాని మాట లెక్కలేదు ఆయనకి. నువ్వు బండి ఆపుతావనుకున్నాను. ఊదేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి."

విజిలక్క మెట్టు దగ్గరికి నడిచింది.

"పిల్లాణ్ణి లోపలికి తీసుకురండి బాబూ."

"మళ్లీ మొదలెట్టారా అత్తయ్యా? నలుగురిలో నా పరువు తీయడమే పని మీకు. ఆదివారం మేం రావట్లేదు," అన్నాడు అల్లుడు.

"రాకపోతే మానేయండి. వాణ్ణి చూడకుండా ఎలాగోలా ఉంటాను. మీరు మాత్రం వాణ్ణి రెండు చేతులతో పట్టుకోండి."

అల్లుడు బస్సు వైపు చూశాడు. బస్సు అతని వైపు చూసింది. ఫోను జేబులోకి వెళ్లింది. గుర్రుగా లోపలికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, పిల్లాణ్ణి రెండు చేతులా పొదువుకుని కూర్చున్నాడు. వాడు అమ్మమ్మని చూసి రెండు పళ్లూ బయటపెట్టి నవ్వాడు.

విజిలక్క విజిల్ ఊదబోయింది. పెదవులు వణికి ఉత్త గాలే వచ్చింది. డ్రైవరు అది వినపడినట్టే బస్సు పోనిచ్చాడు.