పరీక్షలయ్యాకే మెస్‌లో చేరాలి

దుబాయ్ దగ్గరి అజ్మాన్‌లో మా నర్సింగ్ కాలేజీ ఎంత చిన్నదంటే, హాస్టల్ వంటింట్లో ఎండుమిరపకాయలు వేగితే క్లాసులో పాఠం చెబుతున్న మేడం తుమ్మేది. ఎనభైల మొదట్లో మాట. మా నాన్నకు దుబాయ్ సత్వాలో టైలరు షాపు. నెల్లూరు నుంచి మమ్మల్ని తెచ్చుకున్నాక నన్ను ఆ హాస్టల్లో పడేశాడు. అక్కడొక క్యాంటీన్ ఉండేది. ఉడికించిన క్యాబేజీ, దాని పక్కన ఉడికించిన ఇంకేదో పెట్టేవాళ్లు. అది తిని బతికిన వాళ్లున్నారట, నేనైతే చూళ్లేదు.

అందుకే ఆడపిల్లలం మెస్‌లు పెట్టుకుని వండుకునేవాళ్లం. వంటింట్లో ఉన్నవి రెండే గ్యాస్ పొయ్యిలు. ఒకటి మలయాళీ అమ్మాయిల మెస్‌ది, రెండోది మా తెలుగు మెస్‌ది. మెస్‌లో మనుషులు నలుగురి కంటే తగ్గితే పొయ్యి వదులుకుని క్యాంటీన్‌కు పోవాలని హాస్టల్ రూలు. ఏటా కొత్త పిల్లలొస్తేనే మాకు తిండి.

పిల్లల్ని చేర్చుకునే పద్ధతి కూడా మహా సుళువు. గేటు దగ్గర టాక్సీ ఆగగానే రెండు మెస్‌ల వాళ్లం చెప్పులు వదిలేసి పరిగెత్తేవాళ్లం. సూట్‌కేసు ఎవరు ముందు అందుకుని మేడెక్కిస్తే ఆ పిల్ల వాళ్ల మెస్. పిల్లను అడిగేదేముంది? పెట్టె ఎక్కడుంటే పిల్ల అక్కడ! నన్నూ అలాగే మోసుకుపోయారు. భోజనాల వేళకు గానీ నేను ఏ మెస్‌లో ఉన్నానో నాకు తెలియలేదు.

ఒక ఏడు ఒకే సూట్‌కేసును మేమొక చివర, మలయాళీలొక చివర పట్టి గుంజాం. అది కాస్తా నోరు తెరిచింది. లోపలి ఆవకాయ జాడీ ఎగిరొచ్చి ముదీరా తెల్ల బూట్ల మీద భళ్లున పగిలింది. ముదీరా అంటే మా ప్రిన్సిపాలు, సూడాన్ ఆవిడ. నూనె కారుతున్న బూట్లు చూసుకుంది, మమ్మల్ని చూసింది. "ఖలాస్!" అంది. ఇకమీదట మొదటి టర్మ్ పరీక్షలయ్యేదాకా కొత్తవాళ్లను ఎవరూ చేర్చుకోకూడదు. వాళ్లు క్యాంటీన్‌లో తింటూ, అందరినీ చూసి, తర్వాత నచ్చిన చోట చేరాలి. అదీ ఆవిడ తీర్పు.

మా ఖర్మకు ఆ మరుసటి ఏడే మా సీనియర్లంతా చదువైపోయి వెళ్లిపోయారు. మిగిలింది ముగ్గురం: నేను, అన్నానికి తప్ప నోరు తెరవని ఒక హైదరాబాద్ పిల్ల, మా మెస్‌కు పెద్దక్క అయిన కడప ఆపా. టర్మ్ అయ్యేదాకా పొయ్యి ఉంచుతానని ముదీరా కనికరించింది. ఆలోగా ఒక్కరంటే ఒక్కరు దొరక్కపోతే క్యాబేజీయే గతి.

కొత్తగా ఐదుగురొచ్చారు. అందులో తెలుగు పిల్ల ఒక్కతే. జగిత్యాల వైపు పిల్ల, వాళ్ల నాన్న అబూదాబీ దగ్గర బనియాస్‌లో కంపెనీ బస్సు డ్రైవరు. ఇక ఆ పిల్ల మీదే మా ప్రాణాలు.

"ఒక్క పూటలో అయ్యే పనికి టర్మంతా నవ్వుకుంటా తిరగల్లా? నా మూతికి ఆ అలవాటు ల్యాదు మే!" అని ఆపా నా మీద విరుచుకుపడింది.

అలవాటు లేదన్నది నిజమే. ఆవిడ నవ్వబోతే పంటినొప్పేమో అని పిల్లలు జాలిపడేవాళ్లు. అయినా నవ్వింది, పాపం. నేనైతే ఇంకా దిగజారి ఆ పిల్ల యూనిఫాం ఇస్త్రీ చేశాను. మా ఇంట్లో నా గౌను కూడా నేను ఇస్త్రీ చేసుకోలేదు, మా అమ్మ చూస్తే మూర్ఛపోయేది.

ఆ టర్మ్ మా కాలేజీ కాలేజీలా లేదు, పెళ్లివారి విడిదిలా ఉంది. కొత్తవాళ్ల కళ్లు మా మీదే ఉన్నాయని ఎవరూ నోరు పారేసుకోలేదు. బాత్రూం దగ్గర "ముందు మీరు" అంటే "అయ్యో, మీరే" అని నిలబడి, చివరికి ఎవరూ స్నానం చేయకుండా క్లాసుకు పోయేవాళ్లం. టీకి పిలవడం తప్పు కాదని ముదీరా అనడంతో మా టీలోకి పప్పూ అన్నం వచ్చాయి, మలయాళీల టీలోకి చేపల కూర వచ్చింది. మేం గోంగూర పెడితే వాళ్లు అరటికాయ చిప్స్ వేయించారు. వాళ్లు పాయసం చేశారని తెలిసి ఆపా బిర్యానీకి దిగింది. కొత్తపిల్లలు ఐదుగురూ కట్టగట్టుకుని అక్కడ తిని ఇక్కడికి, ఇక్కడ తిని అక్కడికి తిరిగారు. వాళ్ల యూనిఫాంలు బిగుతయ్యాయి, మాకు మార్కులు తగ్గాయి. అనాటమీ చదువుదామంటే పోపు మాడుతుండేది.

"ఎట్లుందమ్మా?" అని నేను అడిగితే జగిత్యాల పిల్ల వేళ్లు నాక్కుంటూ "మస్తున్నదక్కా! ఇంగువ ఎప్పుడేస్తరు, ముందుగాల్నా?" అనేది. వంట మీద ఎంత శ్రద్ధో అని నేను మురిసిపోయి అన్నీ చెప్పేదాన్ని.

పరీక్షలయ్యాయి. ముదీరా అందరినీ క్యాంటీన్‌లో నిలబెట్టింది. ఒక గోడ దగ్గర మలయాళీలు, ఎదురుగోడ దగ్గర మేం ముగ్గురం. "యల్లా, ఎవరి దగ్గరికి వెళ్తారో వెళ్లండి" అంది. ఆపా తన శక్తికొద్దీ నవ్వింది. ఐదుగురూ లేచి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తిన్నగా కిటికీ దగ్గరికి నడిచి ఆగిపోయారు. అక్కడ ఎవరూ లేరు.

"మేమే ఒక మెస్ పెట్టుకుంటం మేడం. గిన్ని దినాలు కలిసే తిరిగినం, కలిసే తిన్నం. పప్పు గీ అక్కల కాడ నేర్సుకున్నం, చేపలు గా అక్కల కాడ" అంది జగిత్యాల పిల్ల.

ముదీరా వాళ్ల తలలు లెక్కపెట్టింది, మా తలలు లెక్కపెట్టింది. మా పొయ్యి వాళ్లకిచ్చేసింది. ఏడుపొచ్చింది నాకు, నిజంగా ఏడ్చాను. ఇస్త్రీ చేసిన చేతులివే కదా అని ఒళ్లు మండింది కూడా.

రెండు పూటలు క్యాబేజీ తిన్నాక ఆపాయే లేచింది. "సిగ్గేంది మే, రా" అని మమ్మల్ని వెంటబెట్టుకుని వంటింటికి తీసుకెళ్లింది. మా పొయ్యి మీద మా పప్పు, మా ఇంగువ వాసన. మేం ముగ్గురం గుమ్మంలో నిలబడి, మమ్మల్ని మీ మెస్‌లో చేర్చుకోండని అడిగాం.

జగిత్యాల పిల్ల గరిటె పక్కన పెట్టి, ఎంతో ప్రేమగా మా దగ్గరికొచ్చింది.

"మీరంటే మాకు మస్తు ఇష్టమక్కా. గని ముదీరా రూలున్నది గద? కొత్తోళ్లు ఒక టర్మ్ ఆగాలె. చూసి చెప్తం."

మర్నాటి నుంచి ఆపా ఆ ఐదుగురికీ నవ్వుతూ నమస్తే చెప్పడం మొదలుపెట్టింది. నేను ఇస్త్రీపెట్టె బయటికి తీశాను.