పొడుగు జవాబు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మన తెలివి మీద మనకుండే నమ్మకం ఆ తర్వాత ఇంకెప్పుడూ ఉండదు. గుంటూరులో ఓ నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరిన నెలకే ఇరవై ప్రశ్నల బిట్ పేపరు తయారుచేశాను. సరైన జవాబులో ఎక్కడా లోపం ఉండకూడదని ఒక్కో మాటా ఆలోచించి రాశాను (తప్పు జవాబులకు అంత ఓపిక లేకపోయింది). తీరా దిద్దితే క్లాసంతా పాసు! వెనక బెంచీ పిల్లకైతే ఇరవైకి ఇరవై. అంతా నా బోధన మహిమేనని మురిసిపోయాను. ప్రిన్సిపాల్ మేడమ్ మాత్రం మురవలేదు. "నువ్వూ ఆ పిల్లా ఒకే హాస్టల్ కదా! పేపరు ముందే ఇచ్చావా? నిజం చెప్పు, లేకపోతే ఇద్దరూ ఇంటికే" అన్నారు. నేనివ్వలేదు. మరైతే నా గదిలోంచి ఆ పిల్లే కొట్టేసి ఉంటుందని నమ్మేశాను (సిగ్గుపడుతూనే రాస్తున్నాను).

మర్నాడు మిర్చి యార్డుకు కాయ తెచ్చిన ఆ పిల్ల నాన్నను పిలిపించారు. ఆయన తలగుడ్డ ఘాటుకు మేడమ్ వరసగా మూడు తుమ్ములు తుమ్మి, కూతురి మీద నేరం వినిపించారు. "ఏదండీ, ఆ కాయితం ఇటివ్వండి" అని ఆయన ఖాళీ పేపరు తీసుకుని, రెండు నిమిషాల్లో ఇరవైకీ టిక్కులు కొట్టి ఇచ్చాడు. మేడమ్ దిద్దారు. పద్దెనిమిది రైటు!

"మీరేం చదువుకున్నారండీ?" అన్నారు మేడమ్.

"నాకు ఇంగ్లీషు ముక్క రాదండి. ప్రతిదాంట్లో ఒకటి పొడుగ్గా ఉంది. పనికిరానిదాన్ని అంత పొడుగున ఎవరు రాస్తారండీ?"

అక్షరం ముక్క చదవకుండా నా పేపరు పాసయ్యాడు మహానుభావుడు!

స్కేలు పెట్టి కొలిచి, జవాబులన్నీ సమానంగా రాసి మళ్లీ పరీక్ష పెట్టాను. సగం క్లాసు బోల్తా. ఆ పిల్లకు మాత్రం పంతొమ్మిది. "నేను చదివే రాశాను మేడమ్" అంది, అంతే. వాళ్ల నాన్న కొట్టిన దెబ్బ కన్నా ఇది గట్టిగా తగిలింది. తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు.

మొన్న జ్వరమొచ్చి ఆసుపత్రికి వెళితే సూది పట్టుకుని వచ్చింది ఆ పిల్లే. "కుడిచెయ్యా, ఎడమచెయ్యా మేడమ్? రెండూ ఒకే పొడుగులెండి" అంది. నవ్వాపుకుని, ఇన్నేళ్లకు చెప్పాను, "అప్పుడు నిన్ను దొంగవనుకున్నానే" అని.

"తెలుసు మేడమ్" అంది, నొప్పి తెలియకుండా సూది దింపుతూ.