పగ్గం పేనలేని అయ్యోరు

నాలుగేళ్ల కిందట కోడుమూరులో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేవాణ్ణి. ఇరవై మంది చేరి ముగ్గురు మిగిలారు. అందులో ఒకాయన ఫ్యాను కింద నిద్రకే వచ్చేవాడు. పక్కవీధి రమీజాబీ టీచర్ క్లాసు ముందు మాత్రం చెప్పుల గుట్ట దాటడానికి నిచ్చెన కావాలంటే నమ్మండి! ఆ ముగ్గురూ మానేస్తే నా క్లాసును ఆమె క్లాసులో కలిపేస్తామని అధికారులు అన్నారు. నా కడుపు మండిపోయింది. బోండాలు పెట్టి లాక్కుంటోందని తేల్చుకుని, పట్టుకుందామని తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకుని ఆమె క్లాసులో వెనక కూర్చున్నాను.

బోండాలు లేవు. నా క్లాసు మానేసిన మద్దిలేటి ఆమెకు ఎద్దుల పగ్గం పేనడం నేర్పుతున్నాడు. ఆమె పేనింది విడిపోతే అందరూ నవ్వారు, ఆమె ఇంకా గట్టిగా నవ్వింది. తర్వాత మద్దిలేటి బోర్డు మీద తన పేరు తప్పు రాసి, తనూ నవ్వి దిద్దుకున్నాడు. అంతలో నన్ను చూశాడు.

"ఏమప్పా, కొత్తోడివా? మొగం దాచుకున్యావే?" అంటూ తువ్వాలు లాగేశాడు. "ఓయమ్మా, మా అయ్యోరు! రా సామీ, నువ్వూ పేను."

పేనాను. అది పిచ్చుకగూడయింది.

"నేను ఒక్క అక్షరం తప్పు రాస్తే గొర్రెల కాడికి పొమ్మంటివే. ఇప్పుడు నిన్ను యాడికి పొమ్మనల్ల?"

క్లాసంతా గొల్లుమంది. రమీజాబీ మాత్రం కొత్త నార నా చేతిలో పెట్టి, "ఇంకోసారి చూడండి సార్" అంది.

మర్నాడు ఆ నారతో నా ముగ్గురి ముందు కూర్చుని, నేర్పమన్నాను. నిద్రపోయే ఆయనే ముందు లేచొచ్చాడు. నా అవస్థ చూపించడానికి మరో పదిమందిని పిలుచుకొచ్చాడు. క్లాసు నిలబడింది. మద్దిలేటి మాత్రం ఇప్పటికీ ఆమె దగ్గరికే పోతాడు. ఆ వీధిలో నవ్వులు వినబడితే నాకు ఇప్పటికీ కడుపుమంటే.